పోలీసులు పిలిస్తే వెళ్లే టోయింగ్ బండి, యార్డు: హైదరాబాద్‌లో కాగితాల నుంచి అప్పగింత దాకా

"అన్నా, టోయింగ్ లైసెన్స్ ఏ ఆఫీసులో ఇస్తరు?" ఈ మధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే పాత డీసీఎం ఒకటి కొని, వెనక చిన్న క్రేన్ బిగించుకుని ఉంటారు. ఆ తర్వాత కాగితాల కోసం తిరుగుతుంటారు. ఆ వరుసే తప్పు. అందుకే ఏ పని ముందో, ఏది వెనకో విడమరిచి రాస్తున్నాను.

ఇది ట్రాఫిక్ పోలీసులు పిలిచినప్పుడు వెళ్లి, బండి లేపి, యార్డులో భద్రపరిచి, తిరిగి అప్పగించేవాళ్ల కోసం రాసింది. సొంతంగా బ్రేక్‌డౌన్ సర్వీసు నడిపేవాళ్లకు 2, 3, 4, 8 భాగాలు చాలు.

## 1. మీకు అధికారం ఎక్కడి నుంచి వస్తుంది

‘టోయింగ్ లైసెన్స్’ అని ఒకే కాగితం కోసం తిరగకండి. ఈ పనికి అర్హత అంటే నాలుగైదు కాగితాల కట్ట: టోయింగ్ వాహనంగా నమోదైన బండి, దానికి తగిన బీమా, సరైన లైసెన్సున్న డ్రైవరు, అనుమతి ఉన్న యార్డు, వీటన్నిటి మీద పోలీసు శాఖ ఇచ్చే వర్క్ ఆర్డర్. మొదటి నాలుగూ మీరు సమకూర్చుకోవాలి. అవి ఉంటేనే అయిదోది.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 127వ సెక్షన్ ఈ పనికి మూలం. బహిరంగ స్థలంలో 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని గానీ, పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన బండిని గానీ టోయింగ్ సర్వీసుతో తీయించడానికి ఆ ప్రాంతం మీద అధికారం ఉన్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతివ్వవచ్చు. కాలిపోయి, ధ్వంసమై ట్రాఫిక్‌కు ప్రమాదంగా మారిన బండి అయితే వెంటనే తీయించవచ్చు. అలా తీసిన బండికి టోయింగ్ ఖర్చు యజమానే భరించాలి. జరిమానా దానికి అదనం.

ఈ సెక్షన్‌లో మీ పేరు లేదు. అధికారం పోలీసు అధికారిదే, మీది చేతిసాయం. అధికారి పక్కన లేకుండా మీ కుర్రాళ్లు ఒక్క స్కూటీని ముట్టుకున్నా, అది వేరేవాళ్ల ఆస్తిని అనుమతి లేకుండా కదిలించడమే అవుతుంది. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే సగం గొడవలు రావు.

## 2. బండి: ముందు రిజిస్ట్రేషన్, తర్వాత క్రేన్

కేంద్ర ప్రభుత్వపు వర్గీకరణలో టో ట్రక్కులు, బ్రేక్‌డౌన్ వ్యాన్లు, రికవరీ వాహనాలు రవాణా వాహనాల కిందికే వస్తాయి. అంటే పసుపు నంబరు ప్లేటు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. కొత్త బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

ఒక వెసులుబాటు ఉంది. పాడైన బండిని లాగడానికి వాడే రవాణా వాహనానికి మోటారు వాహనాల చట్టం 66(3) సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఈ వెసులుబాటు ఆ పనికే అని గుర్తుంచుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు అదే బండిలో ఇసుక, సామాన్లు వేశారో, ఆ మినహాయింపు పోయినట్టే.

పాత సరుకు బండిని మార్చుకునేవాళ్లు ఈ వరుస పాటించండి:

- ముందు ఆర్టీఏ కార్యాలయంలో మార్పుకు అనుమతి కోరండి. 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు.
- అనుమతి వచ్చాకే బాడీ పని మొదలుపెట్టండి. ఆటోనగర్‌లో ఎంత తెలిసిన బాడీ బిల్డర్ అయినా ‘తర్వాత చూసుకోవచ్చు లే’ అంటే ఒప్పుకోవద్దు.
- పని అయ్యాక తనిఖీకి చూపించి, ఆర్‌సీలో వాహన రకం మార్పించండి.
- మార్చిన ఆర్‌సీ చేతికి వచ్చాకే బీమా తీసుకోండి.

క్రేన్ ఎంత బరువు లేపగలదో బూమ్ (క్రేన్ చేయి) మీద పెద్ద అక్షరాలతో పెయింట్ చేయించండి. హుక్కుకు నాలుక, అంటే తాడు జారకుండా అడ్డుపడే రేకు, ఉండాలి. స్టీలు తాడును రోజూ పొద్దున గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డ ఎక్కడైనా చిక్కుకుందంటే అక్కడ పోగులు తెగుతున్నట్టు. చేత్తో మాత్రం తడమొద్దు.

బండి మీద ‘పోలీస్’ అని రాయించకండి. ‘ట్రాఫిక్ పోలీసుల విధుల్లో’ అన్న బోర్డు పెట్టాలని వర్క్ ఆర్డర్‌లో ఉంటే, ఏ మాటలు రాసి ఉన్నాయో అవే పెట్టండి. ఆర్డర్ ముగిసిన రోజే తీసేయండి.

## 3. బీమా: ఎక్కువమంది మునిగేది ఇక్కడే

సరుకు రవాణా బండిగా తీసుకున్న పాలసీలో ‘వినియోగ పరిమితులు’ అని ఒక పేరా ఉంటుంది. చెడిపోయిన బండిని లాగడం గురించి అందులో మాట ఉంటుంది, కానీ డబ్బులు తీసుకుని లాగడానికి అది వర్తించదు. అంటే గూడ్స్ పాలసీతో టోయింగ్ చేస్తూ ప్రమాదం జరిగితే, కంపెనీ ఆ పేరానే చూపించి క్లెయిమ్ కాదంటుంది. బ్రేక్‌డౌన్ వాహనాలు, క్రేన్లు ‘మిసలేనియస్, డీ క్లాస్’ కింద బీమా చేయించాలి. పాలసీ మీద ఆ తరగతి పేరు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

క్రేన్ ఉన్న బండికి ఇంకో పేచీ ఉంది. లేపుతుండగా బండే తిరగబడితే? ఆ నష్టాన్ని మినహాయించే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే షరతు) క్రేన్ల పాలసీల్లో కనిపిస్తుంది. అదనపు ప్రీమియం కట్టి ఆ రక్షణ చేర్పించమని అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మీరు లేపిన బండి సంగతి. మోటారు పాలసీలోని థర్డ్ పార్టీ భాగం, బీమా చేయించుకున్నవారి ఆధీనంలో ఉన్న ఆస్తికి జరిగిన నష్టాన్ని కవర్ చేయదు. మీ హుక్కుకు వేలాడుతున్న కారు మీ ఆధీనంలో ఉన్నట్టే. అది జారి పడితే మీ పాలసీ రూపాయి ఇవ్వదు. యార్డులో నిప్పంటుకున్నా అంతే. దీనికి విడిగా లయబిలిటీ పాలసీ తీసుకోవాలి. ‘ఇతరుల వాహనాలు మా సంరక్షణలో ఉంటాయి, రోడ్డు మీదా యార్డులోనూ’ అని ప్రపోజల్ ఫారంలో స్పష్టంగా రాయించండి.

మొదట్లో నేను ఈ మూడోది తీసుకోలేదు. ఒక వానాకాలం రాత్రి బెల్టు జారి, కారు ముందు బంపర్ రోడ్డుకు తగిలి రెండు ముక్కలైంది. హెడ్‌లైటు కూడా పోయింది. ఆ నెల క్రేన్ సంపాదించిందంతా దానికే పోయింది. కారాయన మంచివాడు కాబట్టి గొడవ చేయలేదు. మీ దగ్గరకొచ్చే ప్రతివాళ్లూ అలా ఉండరు.

## 4. డ్రైవరు, హెల్పర్లు

మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అంతకు మించితే ఆ తరగతి రవాణా లైసెన్సు ఉండాల్సిందే. ఇక్కడ చూడాల్సింది ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు. ఖాళీ బండి బరువు కాదు.

హెల్పర్లను తీసుకునేటప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించండి. వర్క్ ఆర్డర్‌లో అడగకపోయినా సరే. వేరేవాళ్ల డిక్కీలు, డాష్‌బోర్డుల పక్కన గంటల తరబడి పనిచేసే మనుషులు వాళ్లు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, మెరిసే పట్టీలున్న జాకెట్, చేతి తొడుగులు, బూట్లు ఇవ్వండి. చెప్పులేసుకుని బైకు ఎత్తే కుర్రాడి కాలు మీద స్టాండు పడితే ఆస్పత్రి ఖర్చు మీదే.

మనుషులు 10 మందికి చేరితే ఈఎస్‌ఐ, 20 మందికి చేరితే పీఎఫ్ వస్తాయి. వాటి చలానాలు బిల్లుతో పాటు జతచేయమని అడుగుతారు కాబట్టి ఏ నెలకానెల కట్టేయండి.

## 5. యార్డు

కాగితాలకంటే యార్డు జాగ దొరకడం కష్టం. తొందరపడి అగ్రిమెంటు రాసుకున్నవాళ్లు ఆ తర్వాత చాలా బాధపడ్డారు.

జాగ చూసేటప్పుడు మొదటి ప్రశ్న: ఇది చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండినప్పుడు నీళ్లు చేరే మేరలో) గానీ, దాని చుట్టూ కట్టడాలు వేయకూడని బఫర్‌లో గానీ, నాలా మీద గానీ ఉందా? ఖాళీగా, చవగ్గా, రోడ్డుకు దగ్గరగా ఉన్న జాగ ఈ నగరంలో ఊరికే మిగిలి ఉండదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక అలాంటి చోట్ల వేసిన షెడ్లు ఏమయ్యాయో అందరం చూశాం. పైగా, వాన కురిస్తే నీళ్లు చేరేది అక్కడికే. వేరేవాళ్ల 60 బండ్లు మోకాలి లోతు నీళ్లలో మునిగితే ఏ పాలసీతోనూ తేలిగ్గా బయటపడలేరు.

రెండో ప్రశ్న: మీరు పనిచేసే ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు ఎంత దూరం? బండి పోయిన మనిషి ముందు స్టేషన్‌కు, తర్వాత యార్డుకు తిరగాలి. ఆటోలో వంద రూపాయలు దాటేంత దూరంలో యార్డు పెడితే, ఆ కోపమంతా మీ గేటు దగ్గరే చల్లారుతుంది.

అనుమతుల విషయంలో, జీహెచ్‌ఎంసీ చట్టం 521వ సెక్షన్ కింద ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. ఫీజు జాగ విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. వేరే పురపాలిక పరిధిలో ఉంటే అక్కడ తీసుకోవాలి. పని మొదలుపెట్టిన 30 రోజుల్లో కార్మిక శాఖ దగ్గర షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ చేయించాలి.

యార్డు తయారీకి ఈ జాబితా గేటు పక్కన అతికించుకోండి:

- నాలుగు వైపులా గోడ గానీ, రేకుల కంచె గానీ. తాళం పడే ఒకే గేటు
- నేలకు సున్నంతో గీసి నంబరు వేసిన గళ్లు. టూ వీలర్లకు, కార్లకు విడివిడిగా
- గేటునూ, చేర్చుకునే చోటునూ, అప్పగించే టేబుల్‌నూ చూపే సీసీ కెమెరాలు. కనీసం 30 రోజుల రికార్డింగ్
- రాత్రి నంబరు ప్లేటు చదవగలిగేంత వెలుతురు
- అగ్నిమాపక సిలిండర్లు, ఇసుక బకెట్లు; ఫిబ్రవరిలోనే ఎండుగడ్డి కోసేయడం
- ఢీకొని బ్యాటరీ దెబ్బతిన్న ఎలక్ట్రిక్ బండ్లకు మిగతావాటికి 15 మీటర్ల దూరంలో ఖాళీ మూల
- అప్పగించే చోట నీడ, రెండు కుర్చీలు, మంచినీళ్లు
- వర్క్ ఆర్డర్ నకలు, ఛార్జీల బోర్డు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో

కుర్చీలు, మంచినీళ్లు అనవసరపు ఖర్చు అనుకోవద్దు. బండి కనబడక కంగారుపడి, ఎండలో నడిచొచ్చిన మనిషి కూర్చుని రెండు గుక్కలు తాగాక మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

## 6. టెండరు, వర్క్ ఆర్డర్

ప్రభుత్వ టెండర్లు తెలంగాణ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో వస్తాయి. మూడో తరగతి డిజిటల్ సంతకం ముందే తీసుకోండి. చివరి రోజు దాని కోసం పరుగెత్తేవాళ్లను ఏటా చూస్తున్నాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. ఈఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) మినహాయింపు వస్తుందో రాదో మాత్రం టెండరు పత్రంలోనే చూడాలి. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. కాంట్రాక్టు విలువ 2.5 లక్షలు దాటితే ప్రభుత్వ శాఖ బిల్లులోంచి 2 శాతం జీఎస్టీ టీడీఎస్ కోసుకుంటుంది. రేటు కోట్ చేసేటప్పుడే అది లెక్కలో పెట్టుకోండి.

సంతకం పెట్టే ముందు వర్క్ ఆర్డర్‌లో ఇవి రాతపూర్వకంగా ఉన్నాయో లేదో వెతకండి:

- మీకొచ్చే డబ్బు నెల అద్దెనా, లేపిన బండికి ఇంతనా
- యజమాని దగ్గర టోయింగ్ ఛార్జీ ఎవరు వసూలు చేస్తారు, రసీదు ఎవరి పేరు మీద
- లేపేటప్పుడు జరిగిన నష్టం ఎవరిది, ఎవరు తేల్చాలి
- ఎవరూ రాని బండిని ఎన్నాళ్లు ఉంచాలి, ఆ రోజులకు జాగ అద్దె ఎవరిస్తారు
- ఏ స్టేషన్ పరిధి. పక్క స్టేషన్ పిలిస్తే వెళ్లొచ్చా

నెల అద్దె పద్ధతే మంచిదని నా గట్టి అభిప్రాయం. బండికి ఇంత అన్నప్పుడు హెల్పర్ కళ్లు ట్రాఫిక్‌కు అడ్డున్న కారు మీద కాక, తేలిగ్గా లేచే స్కూటీల మీద పడతాయి. కోఠిలో బస్సు మలుపు తిరగలేక ఆగిపోతే దాన్ని అడ్డుకున్న కారును వదిలేసి, గోడవారగా పెట్టిన నాలుగు యాక్టివాలు ఎత్తుకొచ్చే పని ఎవరికీ మేలు చేయదు.

## 7. రోడ్డు మీద: లేపే ముందు నాలుగు నిమిషాలు

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. బండి లేపడానికి పట్టేది రెండు నిమిషాలు. దానికి ముందు నాలుగు నిమిషాలు పెట్టాలి.

మొదట, అధికారి. యూనిఫాంలో ఉన్న అధికారి అక్కడే ఉండి, ఏ బండి లేపాలో చూపించాలి. ఫోన్‌లో ‘అక్కడున్నవన్నీ లేపేయ్’ అంటే, ‘సార్, మీరు రాగానే లేపుతాం’ అని మర్యాదగా చెప్పండి.

రెండోది, మైకు. నంబరు చదివి పిలవాలి. ‘టీజీ సున్నా తొమ్మిది…’ అని పూర్తి నంబరు రెండుసార్లు. చాలాసార్లు యజమాని పక్క దుకాణంలోనే ఉంటాడు. అతను వచ్చి బండి తీసేస్తే రోడ్డు ఖాళీ అయింది, పని అయిపోయింది.

మూడోది, లోపల చూడడం. అద్దానికి ముఖం ఆనించి వెనక సీటు కూడా చూడండి. నల్ల సన్‌షేడ్ల వెనక పసిపిల్లలు నిద్రపోతుండొచ్చు. పెద్దవాళ్లు ఏసీ వేసుకుని కూర్చుని ఉండొచ్చు. మనిషి ఉన్న బండిని ఎవరు చెప్పినా లేపకూడదు.

నాలుగోది, ఫొటోలు. ఈ వరుసలోనే తీయండి, రోజూ ఇదే వరుస:

- దూరం నుంచి ఒకటి: బండి, నో పార్కింగ్ బోర్డు గానీ అడ్డుపడ్డ రోడ్డు గానీ కలిసి కనబడేలా
- నంబరు ప్లేటు కనిపించేలా ముందు, వెనక
- ఎడమ, కుడి పక్కలు. వంగి, బంపర్ల కింది అంచులు కూడా
- అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు. ఒక్కోదానికి ఒక్కో దగ్గరి ఫొటో
- అద్దంలోంచి డాష్‌బోర్డు, సీట్లు. బయటికి కనబడే వస్తువులు

తర్వాత స్లిప్పు రాయాలి. తేదీ, సమయం, చోటు, నంబరు, రంగు, అధికారి పేరు, సంతకం. ‘డిక్కీ తెరవలేదు, సీటు లాక్ వేసి ఉంది’ అన్న వాక్యం స్లిప్పులో ముందే అచ్చు వేయించి పెట్టుకోండి.

ఒకసారి ఓ పెద్దాయన యార్డుకు వచ్చారు. చేతులు వణుకుతున్నాయి. స్కూటర్ డిక్కీలో భార్య మందులు, డబ్బుల కవరు ఉన్నాయట. ‘పోయాయేమో’ అని ఆయనే అనేసుకున్నారు. మా కుర్రాడు మాట్లాడకుండా స్లిప్పు, ఫోన్‌లో సీటు లాక్ ఫొటో చూపించాడు. పెద్దాయన తాళం తీశారు. మందుల పాకెట్ మీద కవరు అలాగే ఉంది. లెక్కపెట్టుకుని, కుర్రాడి భుజం తట్టి వెళ్లారు. ఆ ఫొటోకు పట్టింది మూడు సెకన్లు.

బండి గాల్లోకి లేచాక యజమాని పరుగెత్తుకొస్తే? ‘అన్నా, రెండు నిమిషాలే, మందులకు పోయిన’ అంటారు. మీ హెల్పర్ నోటి వెంట రావాల్సిన మాట ఒక్కటే: ‘సార్‌ను అడుగన్నా, మాది లేపుడు పనే.’ దించమంటే దించాలి, వద్దంటే వద్దు. బేరం, సలహా, వాదన ఏదీ హెల్పర్ చేయకూడదు. డబ్బు అసలే ముట్టుకోకూడదు.

## 8. ఏ బండిని ఎలా లేపాలి

బైకులు, స్కూటర్లు. హ్యాండిల్ లాక్ వేసే ఉంటుంది కాబట్టి దొర్లించలేం. ఇద్దరు కలిసి ఎత్తాలి. బెల్టు ఫ్రేమ్ కింద, ఫోర్క్ అడుగున వేయాలి. డిస్క్ ప్లేటుకు, లెగ్‌గార్డుకు, సైలెన్సర్‌కు వేయకూడదు. డిస్క్ కొంచెం వంగినా బ్రేకు కొడుతుంటుంది, అది యజమానికి మర్నాడు తెలుస్తుంది. ప్లాట్‌ఫాం మీద రబ్బరు షీటు పరవండి, బండికీ బండికీ మధ్య పాత టైరు ముక్క పెట్టండి. ఎక్కువగా విరిగేవి బ్రేకు లీవర్లు, అద్దాలు, ఇండికేటర్లు. ఇవి మూడూ తగలకుండా ఒకదాన్ని ముందుకు, ఒకదాన్ని వెనక్కు తిప్పి నిలబెట్టండి.

కార్లు. మన రోడ్ల మీది చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే. ముందు భాగం లేపితే సరిపోతుందనుకుంటారు. కానీ హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటుంది, అది పట్టేది వెనక చక్రాలను. అలాగే లాగితే టైర్లు రోడ్డు మీద రాసుకుపోయి ఒక పక్క అరిగిపోతాయి. వెనక చక్రాల కింద చిన్న చక్రాల డాలీలు పెట్టాల్సిందే. ఆటోమేటిక్ గేర్ల కారును నడిచే చక్రాలు నేల మీద ఉంచి లాగితే గేర్‌బాక్సే పోతుంది. నాలుగు చక్రాలూ నడిచేవి, ఎలక్ట్రిక్ కార్లు అయితే ఫ్లాట్‌బెడ్ (కారు మొత్తం పట్టే చదునైన బండి) మీదకు ఎక్కించాలి తప్ప వేరే దారి లేదు. ఫ్లాట్‌బెడ్ లేకపోతే ఆ మాట అధికారికి అక్కడే చెప్పండి.

లారీలు, బస్సులు. గాలి పోయిన బండికి వెనక స్ప్రింగ్ బ్రేకులు బిగుసుకుపోతాయి. గాలి ఎక్కించాలి, లేదా బ్రేకు ఛాంబర్ బోల్టు తిప్పి విడిపించాలి. వెనక చక్రాలు నేల మీద ఉంచి లాగేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి. ఈ రెండూ తెలిసిన మెకానిక్ లేకుండా ఫ్లైఓవర్ మీద భారీ బండి పిలుపును ఒప్పుకోకండి.

నీళ్లలో ఆగిన బండ్లు. మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలిచిన రోజున పిలుపులు వరసగా వస్తాయి. లేపాక యజమాని స్టార్ట్ చేయబోతాడు. వద్దని చెప్పండి, ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే అక్కడే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ప్రమాదం జరిగిన బండి. గాయపడ్డవాళ్లు బయటికొచ్చాక కూడా, దర్యాప్తు అధికారి సరేననే దాకా ముట్టుకోవద్దు. చక్రాల జాడలు, గాజుముక్కలు ఆయనకు సాక్ష్యం. ఊడిన భాగాలన్నీ ఒక సంచిలో వేసి, సంచి మీద నంబరు రాసి బండితో పాటే పంపండి.

## 9. యార్డులో చేర్చుకోవడం

గేటు దగ్గర బండి దింపగానే మళ్లీ ఫొటోలు తీయాలి. రోడ్డు మీద తీసిన వరుసలోనే. రెండు వరుసలూ పక్కపక్కన పెడితే దారిలో ఏం జరిగిందో అదే చెబుతుంది. కొత్త గీత కనిపిస్తే దాచకండి. రిజిస్టరులో రాసి, ఆ రోజే స్టేషన్‌కు చెప్పండి.

రిజిస్టరుకు పేజీ నంబర్లు వేసి, స్టేషన్ ముద్ర వేయించుకోండి. కాలమ్స్: వరుస సంఖ్య, వచ్చిన సమయం, బండి నంబరు, స్లిప్పు సంఖ్య, ఎవరి ఆదేశం, కారణం, గడి నంబరు, కనబడిన వస్తువులు, వెళ్లిన సమయం, తీసుకున్నవారి సంతకం, ఫోన్. కారణం కాలమ్‌లో పార్కింగ్, ప్రమాదం, కేసు, వదిలేసినది అని నాలుగింటిలో ఒకటే రాయాలి. బండి తిరిగి ఇచ్చే దారి కారణాన్ని బట్టి మారుతుంది.

ఫొటోలు హెల్పర్ల సొంత ఫోన్లలో ఉండకూడదు. కంపెనీ ఫోన్ ఒకటి పెట్టండి. ఎవరి కారు ఎక్కడ దొరికిందో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందంటే, ఒక ఇంట్లో అది పెద్ద తుఫాను కావచ్చు.

## 10. అప్పగింత

పార్కింగ్ కోసం లేపిన బండికి దారి సులువు. యజమాని చలానా సంగతి పోలీసులతో చూసుకుని, విడుదల స్లిప్పు తెచ్చుకుంటాడు. మీరు చూడాల్సినవి:

- విడుదల స్లిప్పు మీద అధికారి సంతకం
- ఆర్‌సీ, డిజిలాకర్‌లోదీ, ఎంపరివాహన్‌లోదీ చెల్లుతుంది, కాగితమే తెమ్మని తిప్పకండి
- వచ్చినవారి గుర్తింపు. యజమాని కాకపోతే ఆయన రాసిచ్చిన లేఖ
- టోయింగ్ ఛార్జీ రసీదు; చలానాకు, దీనికి వేర్వేరు రసీదులు

తర్వాత ఇద్దరూ కలిసి బండి చుట్టూ ఒకసారి తిరగండి. ఫొటోలు చూపిస్తూ తిరగండి. బండి స్టార్ట్ అయ్యాకే సంతకం తీసుకోండి.

గొడవపడిన మనిషి బండిని ‘రేపు రా’ అని పంపడం కొన్నిచోట్ల అలవాటు. స్లిప్పు చేతిలో ఉన్నాక ఒక్క గంట కూడా ఆపొద్దు. ఛార్జీ మీద తగువు ఉంటే స్టేషన్‌లో తేల్చుకోండి, బండిని తాకట్టు పెట్టుకోకండి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 151వ సెక్షన్ ప్రకారం, ఇతరుల వస్తువును భద్రపరిచేవాడు తన సొంత వస్తువును మామూలు వివేకం ఉన్నవాడు చూసుకునేంత జాగ్రత్తగా చూడాలి. కోర్టు ఏ యార్డునైనా కొలిచేది ఆ కొలతతోనే.

## 11. తరచూ జరిగే తప్పులు

తప్పుడు నంబరు రాయడం. ‘8’ని ‘3’గా రాస్తే యజమాని మూడు స్టేషన్లు తిరుగుతాడు. నంబరును ఫొటో చూసి కాక, ప్లేటు చూసి ఒకరు చదవాలి, ఇంకొకరు రాయాలి.

స్టేషన్‌కు ఆలస్యంగా చెప్పడం. దొంగలెత్తుకుపోయారని యజమాని 112కు ఫోన్ చేసేలోపే మీ సమాచారం చేరాలి. బండి కదలగానే నంబరు, యార్డు పేరు పంపండి. లేపిన చోట గోడ మీద గానీ, స్తంభం మీద గానీ చెరిపేయగల సుద్దతో స్టేషన్ పేరు రాయడం పాత పద్ధతే, కానీ ఇప్పటికీ పనికొస్తుంది.

నష్టం జరిగాక తప్పించుకోవడం. జరిగితే అదే రోజు ఒప్పుకుని, గ్యారేజీ అంచనా రాయించి, మీ లయబిలిటీ పాలసీ కంపెనీకి తెలియజేయండి. నెలరోజుల తర్వాత చెబితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

కాగితాల గడువు మర్చిపోవడం. ఫిట్‌నెస్, బీమా, కాలుష్య సర్టిఫికెట్, ట్రేడ్ లైసెన్స్, డ్రైవరు లైసెన్స్. వీటి తేదీలు ఒక అట్ట మీద రాసి క్యాబిన్‌లో వేలాడదీయండి. గడువు దాటిన బీమాతో వేరేవాళ్ల బండిని లేపడం చాలా పెద్ద తప్పు.

## 12. కేసు బండ్లు, ఎవరూ రాని బండ్లు

ప్రమాదం కేసులో తెచ్చిన బండిని తనిఖీ చేయడానికి మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ వీలిస్తుంది. ఎక్కడ ఉంచారో యజమానికి చెప్పాలి. లాంఛనాలు ముగిశాక 24 గంటల్లో తిరిగివ్వాలి. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఏ రోజు వస్తారో స్టేషన్‌ను మీరే అడుగుతుండండి. బండి గడి ఖాళీ అయ్యేది అప్పుడే.

నేరం కేసులో స్వాధీనం చేసుకున్న బండి కోర్టు ఆదేశంతోనే కదులుతుంది. భారతీయ నాగరిక్ సురక్ష సంహితలోని 497వ సెక్షన్ ప్రకారం, ఆస్తి కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో వివరాల పత్రం తయారై, ఫొటోలు, వీడియో తీయాలి. ఆ తర్వాత 30 రోజుల్లో ఆ ఆస్తిని ఏం చేయాలో కోర్టు ఆదేశించాలి. బండ్లను ఏళ్లతరబడి స్టేషన్లలో తుప్పు పట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. యజమాని మీ దగ్గరకొచ్చి ఏడిస్తే, ‘లాయర్‌తో మధ్యంతర కస్టడీకి పిటిషన్ వేయించండి’ అని దారి చూపండి. ఈ బండ్ల మీద ఎర్ర చీటీ కట్టండి. టైరు గాలి కొట్టడానికి కూడా దర్యాప్తు అధికారిని అడగాలి.

ఎవరూ రాని బండ్ల సంగతి వేరు. నెలకోసారి వాటి జాబితా ఛాసిస్, ఇంజన్ నంబర్లతో సహా స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. యజమానులను వెతకడం, పత్రికా ప్రకటన, అభ్యంతరాలకు ఆరు నెలల గడువు, వేలం, ఇవన్నీ పోలీసు కమిషనర్ పేరున జరిగేవి. గోషామహల్ పోలీసు స్టేడియంలో ఒకప్పుడు వరసలుగా పేర్చిన బండ్లు ఆ దారిలో వచ్చినవే. ఎంత పాతదైనా, ఎంత తుప్పు పట్టినా, మీ యార్డులోంచి ఒక్క బ్యాటరీ కూడా బయటికి పోకూడదు. ఆరు నెలల తర్వాత ఫైనాన్స్ కంపెనీ మనిషి కాగితాలు పట్టుకొచ్చి, ఛాసిస్ నంబరు సరిచూసి, ‘బ్యాటరీ ఏది?’ అని అడిగే రోజు వస్తుంది. చేర్చుకున్న నాడు తీసిన ఫొటోలో బ్యాటరీ ఉంటే గడిలో కూడా అది ఉండాలి.